గాలి ఆగిన అరగంట

చెప్పులు మెట్ల దగ్గరే విడిచి రండి. కూర్చునే ముందు చాప ఒకసారి దులపండి. పొద్దున తుడిచిన డాబా మీద సాయంత్రానికి మళ్లీ నల్లటి నుసి పేరుకుంటుంది, విశాఖలో ఫ్యాక్టరీల పక్కనున్న గాజువాక కదా. తూర్పున యారాడ కొండ మసకబారుతోంది. తల మీదుగా విమానం వెళ్తే అందరూ మాట మింగి ఆగుతారు, మీరూ ఆగండి. న్యూస్‌పేపర్ మీద మురీ మిక్చర్ పోసి ఉంది. అందుకోండి, కానీ ఆ చేత్తో పుస్తకం ముట్టుకోకండి.

పుస్తకమంటే ఆ చాప మధ్యలో ఉన్న రూళ్ల పుస్తకం. మా సందులో పదకొండు మంది కలిసి అందులో ఒకే ఒక్క రోజు కథ రాస్తున్నాం. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడిన రోజు.

“కథ రాద్దాం రండి” అని నేను ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఎవరూ రాలేదు. మాకేం వచ్చు బాబూ అన్నారు. నెల పోయాక మాట మార్చి, “హుద్‌హుద్ రోజు మీరెక్కడున్నారు?” అని అడిగాను. గుమ్మంలోనే గంటసేపు నిలబెట్టి చెప్పారు. ఈ ఊళ్లో ఆ ప్రశ్నకి జవాబు లేనివాళ్లు ఉండరు. గంటకి 180 కిలోమీటర్ల గాలి, పడిపోయిన చెట్లు, కరెంటూ నీళ్లూ లేని రోజులు. ఎవరి తలుపు వాళ్లు పట్టుకుని నిలబడ్డారు కాబట్టి, పక్కింటి తలుపు సంగతి ఎవరికీ తెలీదు.

పుస్తకం తెరిచి చూడండి. ఎడమ పేజీ రాసినవాళ్లది. కుడి పేజీ మిగతావాళ్ల ప్రశ్నలకి. అడగొచ్చు గానీ, ఎవరి వాక్యం మీదా ఇంకొకరు గీత పెట్టకూడదు. ఉన్న నియమం అదొక్కటే, దానికే ఎక్కువ గొడవలు.

పిట్టగోడకి ఆనుకుని కూర్చున్న పిన్నిని చూశారా? అప్పట్లో పెద్ద జాలారిపేటలో ఉండేది. చేపలమ్మి ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు చేసింది, ఇప్పుడు కూతురింట్లో ఉంటోంది. చదువు రాదు, చెబుతుంది. పక్కన ఇంటర్ చదివే అమ్మాయి రాస్తుంది. మొదటి రోజు ఆ పిల్ల రాసింది చదివి వినిపిస్తే పిన్ని ముఖం చిన్నబోయింది. “బాగుందమ్మా. కానీ నాను సెప్పింది ఇది కాదు” అంది. “గాలి ఆగిపోనాది” అన్న మాట కాగితం మీద “గాలి నిలిచిపోయినది” అయింది. పిల్ల గౌరవంగానే రాసింది, బడిలో నేర్పినట్టు. ఆ పేజీ అలాగే ఉంచి, తర్వాతి పేజీలో పిన్ని మాట పిన్ని మాటగానే రాసింది. రెండూ పక్కపక్కన చదవండి. రెండోదాంట్లో గాలి ఉంది.

ఈ ఊళ్లో వకీలుగా కోర్టుల చుట్టూ తిరిగి, అక్కడికొచ్చే పేదల నోటి మాటని కథల్లో నిలబెట్టిన రావిశాస్త్రి చేసిన పెద్ద పని ఇదేనని నాకనిపిస్తుంది. ఆయన ‘ఆరు సారా కథలు’ ఉన్న ఊళ్లో పిన్ని మాట దిద్దే హక్కు ఎవరికుంది?

గొంతు పెరిగింది, వినిపిస్తోందా? ఆ తమ్ముడు స్టీల్ ప్లాంటులో చేస్తాడు. ఆ రోజు పొద్దున ‘ఎ’ షిఫ్టుకి వెళ్లి, మార్చుకోవడానికి మనిషి రాక లోపలే ఉండిపోయాడు. కరెంటు పోయింది, ఫర్నేసు చల్లారితే లోపల లోహం గడ్డకట్టేస్తుందన్న భయం. అతని వాక్యం: “గాలి ఒక్క నిమిషం ఆగలేదు.” పిన్ని వాక్యం: “మద్దేన్నం గాలి ఆగిపోనాది.” రిటైరైన మాస్టారు పెన్ను పట్టుకుని, ఏదో ఒకటి తీసేయాలంటున్నారు.

“మాస్టారూ, ఇద్దరిదీ నిజమే” అంటున్నాను. తుఫాను కన్ను ఊరంతటి మీదా ఒకేలా పోదు. నడినెత్తిన వచ్చిన పేటల్లో గాలి ఆగుతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి తిరగబడుతుంది. కన్ను పక్కనుంచి పోయిన చోట దిక్కు మారుతుందే తప్ప విడుపు ఉండదు. రెండు వాక్యాలూ ఉంటేనే ఆ తుఫాను ఎటు నడిచిందో పుస్తకంలో కనబడుతుంది. ఒకటి కొట్టేస్తే మిగిలేది ఒకరి కిటికీ మాత్రమే. మాస్టారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. ఒప్పుకున్నారో లేదో వచ్చే ఆదివారం తెలుస్తుంది.

పుస్తకం మీద పేరెవరిది అన్నది ఇంకా తేలలేదు. విశాఖకి ఈ ప్రశ్న కొత్త కాదు. 1928లో పద్దెనిమిదేళ్ల శ్రీశ్రీ ‘ప్రభవ’ని అచ్చువేసింది ఇక్కడి కవితా సమితి: పేరు కవిది, పని పదిమందిది. 1970 ఫిబ్రవరిలో అదే శ్రీశ్రీ షష్టిపూర్తి సభల్లో రచయితలకి సవాలు విసిరిన కరపత్రం మీద ఒక్క మనిషి పేరూ లేదు, ‘విశాఖ విద్యార్థులు’ అని మాత్రమే. ఆ జూలై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం, విరసం, పుట్టడం వెనక ఆ కాగితముంది. స్టీల్ ప్లాంటు తమ్ముడికి కరపత్రం పద్ధతి నచ్చింది. నాకు మాత్రం పదకొండు పేర్లూ వేయాలని ఉంది. పిన్ని పేరు ఇంతవరకూ రేషను కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చు కాలేదు.

తొమ్మిది కావస్తోంది. ఈ వారం ‘సి’ షిఫ్టు, రాత్రి డ్యూటీ కాబట్టి తమ్ముడు లేచాడు. వెళ్లబోతూ వంగి పిన్ని ఎదుటి కుడి పేజీలో ఏదో రాసి, మెట్లు దిగిపోయాడు. అమ్మాయి పైకి చదువుతోంది: “పిన్నీ, గాలి ఆగిన ఆ అరగంటలో ఏం చేశావు?”

పిన్ని కాసేపు కొండకేసి చూసింది.

“ఏటి సేత్తాను. కప్పు ఎగిరిపోనాది. అన్నం గిన్ని మాత్రం పొయ్యి మీదే ఉంది, ఏడిగానే ఉంది. ఈధిలో నలుగురు గుంటలు గోడనానుకొని నిలబడ్డారు. పిలిసి, నిలబెట్టే ముద్దలు పెట్టినాను. ఆళ్లలో నా పిల్లలెవ్వరూ నేరు. ఆకరి ముద్ద పెడతంటే సముద్రం ఏపునుంచి మళ్లీ మొదలైనాది.”

అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది. “ఆ నలుగురి పేర్లూ చెప్పు పిన్నీ.”

పిన్ని వేళ్లు మడుస్తూ ఒక్కో పేరే చెబుతోంది. మూడో పేరు దగ్గర విమానం వచ్చింది. అందరం ఆగాం.