వెనక్కి పిలవలేని సరుకు

ఈసారి ఆగిరిపల్లి మామిడితోటల నుంచి మాట్లాడుతున్నాను.

2022 ఏప్రిల్‌లో, మామిడి కోతల రోజుల్లోనే, ఇక్కడికి దగ్గర్లోని విజయవాడలో ఒక ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలింది. బండి కొన్నది ముందు రోజే. కొన్నాయన చనిపోయాడు. అదే నెలలో మరో కంపెనీ, ఒకినావా, 3,215 స్కూటర్లను బ్యాటరీ పరీక్షకని వెనక్కి పిలిచింది. ఎలా పిలవగలిగింది? ప్రతి బండికీ నంబరుంది, బిల్లుంది.

మరి మామిడిపండుకో?

నా చిన్నప్పుడు రసాల్ని వరిగడ్డిలో మగ్గబెట్టేవాళ్లు. రోజుల తరబడి ఆగాలి. వ్యాపారానికి అంత ఓపిక లేక, వెల్డింగ్‌కి వాడే కాల్షియం కార్బైడ్ పొట్లాలు కాయల పెట్టెల్లోకొచ్చాయి. తేమ తగిలితే అది ఎసిటిలీన్ వాయువు వదుల్తుంది, కాయ రంగు తిరుగుతుంది. కానీ దాంట్లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. మింగడం కష్టమవడం, వాంతులు, చర్మం మీద పుళ్లు వస్తాయని కేంద్ర ఆహార భద్రతా సంస్థే 2024లో హెచ్చరించింది.

ఇలా మగ్గబెట్టడాన్ని 2011 నిబంధనలు నిషేధించాయి. అయినా ఆగలేదు కాబట్టే 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2016లో దీనికి బదులు ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించే అధికారాన్ని కూడా తెచ్చింది. మంచిదే. కానీ తినేసిన పండుని ఎవరు వెనక్కి పిలుస్తారండీ? అందుకే నేననేది, తనిఖీ జరగాల్సింది మగ్గబెట్టే గదిలోనే. అక్కడ దాటిపోతే ఇక మన చేతిలో లేదు.