రెండు వేళ్లతో గిటార్ వాయించిన జాంగో: మన తండాలకు, పెంటలకు ఒక పాఠం

మన పాలమూరు గడ్డకు తీగల వాయిద్యం కొత్త కాదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెర మీద కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నరు. ఇయ్యాల మనం చెప్పుకునేది దూరదేశపు తీగల మనిషి గురించి. పేరు జాంగో రైన్‌హార్ట్.

1910 జనవరి 23న బెల్జియంలో, బండ్ల మీద ఊరూరా తిరిగే రోమా కుటుంబంలో పుట్టిండు. యూరప్‌లో వాళ్లను జిప్సీలు అని చిన్నచూపు చూసిన్రు. రోమాల పూర్వీకులు సుమారు వెయ్యేండ్ల కింద మన దేశం నుంచే పోయిన్రని వాళ్ల భాషే సాక్ష్యం చెప్తది. వాళ్లు యేఖ్, దుయ్, త్రిన్ అని లెక్కపెడతరు. తండాల మన గోర్‌బోలిలో ఏక్, ది, తీన్. రెండు జాతులూ ఒకటే అని మేము అనడం లేదు, భాషల వేరు మాత్రం ఒకటే.

జాంగో చిన్నప్పుడే ప్యారిస్ డాన్సు హాళ్లలో బాంజో వాయించి సంపాదించిండు. 1928లో ఆయన ఉండే బండికి నిప్పంటుకుంది. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు కాలి వంకరపోయినయి. ఇగ వాయించలేడనుకున్నరు. జాంగో మంచంలనే గిటార్ పట్టి, మిగిలిన రెండు వేళ్లతో స్వరాలు పలికించే పద్ధతి తనే కనిపెట్టుకున్నడు.

1934లో వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి ప్యారిస్‌లో ఒక బృందం మొదలైంది. అందులో డప్పు లేదు, డ్రమ్ము లేదు. మూడు గిటార్లు, వయొలిన్, పెద్ద బేస్ తీగలు, అంతే. రెండు గిటార్లే తాళం వేస్తుంటే జాంగో పైన స్వరం అల్లేటోడు. అమెరికాలో నల్లజాతి కళాకారులు పుట్టించిన స్వింగ్ జాజ్‌కు యూరప్‌ల కొత్త గొంతు వచ్చింది. 1937లో 'మైనర్ స్వింగ్' రికార్డయింది.

ఆ తర్వాత యుద్ధమొచ్చింది. నాజీలు లక్షల మంది రోమాలను చంపిన్రు. జాంగో ఆ కాలమంతా ఫ్రాన్స్‌ల వాయిస్తూనే బతికి బయటపడ్డడు. 1946లో డ్యూక్ ఎలింగ్టన్‌తో అమెరికాలో పర్యటించిండు. 1953 మే 16న, 43 ఏండ్లకే చనిపోయిండు.

జాంగోకు స్వరలిపి రాదు. అయినా ఆయన వాయించింది మనం ఇప్పటికీ వింటున్నం. ఎందుకు? రికార్డు చేసిన్రు గనుక. మరి మన వంశాల పేర్లు పాడే ఢాడీల పాట? నల్లమల పెంటల్లో చెంచు అవ్వల పాట? ఆ ముసలోళ్లు పోతే పాట కూడా వాళ్లతోనే పోతది.

అందుకే ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పాటైనా ఫోన్ల రికార్డు చేద్దాం. ముందు వాళ్ల అనుమతి అడుగుదాం. పాడినోళ్ల పేరు, ఊరు, తేదీ రాసి పెడదాం.