యాభై పౌండ్ల కొడుకు

1946 అక్టోబరు 1. లండన్ న్యూ థియేటర్. జె.బి. ప్రీస్ట్‌లీ నాటకం ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’కు లండన్‌లో తొలి రాత్రి. అంతకు ఏడాది ముందే అది సోవియట్ గడ్డ మీద ఆడేసింది.

రంగస్థలం మీద కాలం 1912. (ఆ ఏడు ప్రీస్ట్‌లీ బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని వ్యాపారి దగ్గర గుమాస్తా. యజమానుల సంగతి ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.) మిల్లు యజమాని బర్లింగ్ ఇంట్లో కూతురి నిశ్చితార్థం విందు. మధ్యలో ఇన్‌స్పెక్టర్ గూల్ దిగాడు. ఈవా స్మిత్ అనే అమ్మాయి క్రిమిసంహారక మందు తాగి చచ్చిపోయిందట. ఒక్కొక్కరి గుట్టూ లాగుతూ తల్లి దగ్గరికొచ్చాడు. ధర్మసంస్థలో పెత్తనం చేసే ఇల్లాలు. కడుపుతో ఉండి సాయం అడిగిన ఈవాను వెళ్లగొట్టింది ఈవిడే. తప్పు తనది కాదట, బిడ్డ తండ్రిదట. వాణ్ణి పట్టుకొచ్చి నలుగురిలో నిలబెట్టమంటుంది. కూతురు షీలాకు అప్పటికే అర్థమైపోయింది. ఆపమ్మా అని బతిమాలుతోంది. తల్లి వింటేనా!

వీధి తలుపు చప్పుడు. అందరి కళ్లూ గుమ్మం మీదే. మొహం పాలిపోయి, కొడుకు ఎరిక్.

తెర.

ఎరిక్ వేషం అలెక్ గిన్నెస్‌ది. అప్పటికి 32 ఏళ్లు, యుద్ధంలో నౌకాదళంలో చేసి వచ్చాడు. మూడో అంకంలో ఎరిక్ మందు అడుగుతాడు. తండ్రి ససేమిరా అంటే ఇన్‌స్పెక్టర్ పోసుకోనిస్తాడు. సీసా వంచే తీరు, గ్లాసు ఎత్తే తీరు చూస్తేనే వీడికిది అలవాటేనని తెలిసిపోవాలని రచయిత పనిగట్టుకుని రాసిపెట్టాడు. ఇంట్లోవాళ్లు గుచ్చి గుచ్చి చూస్తుంటారు. కొడుకు తాగుతాడని ఆ తల్లికి తెలిసింది ఈ రాత్రే.

ఎరిక్ మీద నాకు జాలి పుట్టదు. తాగి, గొడవ చేస్తానని బెదిరించి ఈవా గదిలో దూరినవాడు. తర్వాత ఆమెకిద్దామని నాన్న ఆఫీసులో 50 పౌండ్లు కాజేశాడు. దొంగసొమ్మని తెలిశాక ఆమె ఇక పుచ్చుకోలేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. వచ్చినవాడు పోలీసే కాదని తేలి తండ్రి మళ్లీ నవ్వుతుంటే ఎరిక్ నవ్వలేకపోయాడు, షీలా కూడా.

ఇంతకీ బర్లింగ్ ఈవాను తన మిల్లులోంచి తీసేసింది కూలి పెంచమన్నందుకు. వారానికి 22 షిల్లింగుల 6 పెన్స్‌ను 25 షిల్లింగులు చేయమంది. కొడుకు దొంగిలించిన 50 పౌండ్లంటే వెయ్యి షిల్లింగులు. ఆమె అడిగిన పెంపుకు అది 400 వారాలు సరిపోయేది.