రాళ్ళు మోగిన చోటు

చెవుల్లో పాట మోగకపోతే నేను నాలుగు లైన్ల కోడ్ కూడా రాయలేను. మొన్న ఉన్నట్టుండి హెడ్‌ఫోన్స్ పాడయ్యాయి. చేసే పని లేక బుర్రలో ఒక ప్రశ్న తిరిగింది... మొట్టమొదట పాడిన మనిషి గొంతు ఎలా ఉండి ఉంటుంది?

అది ఎప్పటికీ తెలీదండీ. గొంతుకి బ్యాకప్ లేదు. స్వరపేటిక మట్టిలో కలిసిపోతుంది. అరుదుగా మిగిలేది నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ అనే చిన్న ఎముక. 1983లో ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో, సుమారు 60 వేల ఏళ్ళ నాటి నియాండర్తాల్ అస్థిపంజరంతో పాటు అది దొరికింది. దాదాపు మన ఎముకలాగే ఉంది. అంతమాత్రాన వాళ్ళు పాడారని చెప్పలేం. కానీ పాడలేరని కొట్టిపారెయ్యడం కష్టమైంది.

గొంతు పోయినా వాయిద్యం మిగిలింది. 2008లో జర్మనీలోని హోలె ఫెల్స్ గుహలో రాబందు రెక్క ఎముకతో చేసిన పిల్లనగ్రోవి దొరికింది. ఐదు రంధ్రాలు, సుమారు 22 సెంటీమీటర్ల పొడవు, వయసు 35 వేల ఏళ్ళ పైనే. పక్షి ఎముక ఎలాగూ గుల్లే కాబట్టి పని తేలిక అనుకోవచ్చు. అదే ప్రాంతంలో గైసెన్‌క్లోస్టర్లె గుహలో దొరికిన ఇంకోటి చూడండి, అది మామత్ దంతంతో చేసింది! దంతాన్ని నిలువునా చీల్చి, లోపల తొలిచి, గాలి పోకుండా మళ్ళీ అతికించారు. మంచుయుగంలో, వేట దొరికితేనే తిండి అన్న రోజుల్లో! సంగీతం అంటే కడుపు నిండాక చేసే కాలక్షేపం అనేవాళ్ళు దీనికి సమాధానం చెప్పాలి.

అంత దూరం ఎందుకు, గుంతకల్లు దాటితే బళ్ళారి. అక్కడ కుప్పగల్లు కొండ మీద కొత్తరాతియుగం వాళ్ళు చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. వాటి మధ్య కొన్ని నల్లరాళ్ళకి కొట్టి కొట్టి పడిన గుంటలున్నాయి. ఆ గుంట మీద చిన్న రాయితో కొడితే గంటలా ఖంగుమంటుంది. హంపి విఠలాలయం స్తంభాలకి వేల ఏళ్ళ ముందు మాట ఇది. నికోల్ బోయివిన్ అనే పురాతత్వవేత్త 2004లో దీని గురించి వ్యాసం రాశాక ప్రపంచానికి బాగా తెలిసింది.

జర్మనీ పిల్లనగ్రోవి మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. దాన్ని ఊదరు కాబట్టి నకలు చేసి ఊదుకుంటారు. మన రాయికి నకలు అక్కర్లేదు. అప్పటి మనిషి విన్న శబ్దాన్నే, అదే రాయి మీద, ఇవాళ మనమూ వినొచ్చు. ఇలాంటి అవకాశం ఎక్కడుందండీ?

ఆ జర్మనీ గుహలకి 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన కొండకేమో క్వారీ వచ్చింది. అక్కడ గ్రానైట్ తవ్వకాల వల్ల ముప్పుందని 2004లోనే పరిశోధకులు మొత్తుకున్నారు. రాయిని కంకర చేసి అపార్ట్‌మెంట్ కట్టుకుంటే, పోయేది రాయి ఒక్కటే కాదు, అందులోని పాట కూడా. బళ్ళారి వైపు వెళ్ళేవాళ్ళు ఆ కొండ గురించి ఒకసారి వాకబు చెయ్యండి. పది మంది అడుగుతున్నారని తెలిస్తేనే, పట్టించుకోవాల్సిన వాళ్ళు పట్టించుకుంటారు.