తొలి బఠానీలు ఎవరివి?

వేసవి మొదట్లో పెరటి పాదుకు కాసిన తొలి కాయను ఇంట్లోకి తేవడం ఎవరికైనా సంబరమే. ఇరుగుపొరుగు వారికన్నా ముందే కాస్తే ఆ సంబరానికి రవ్వంత గర్వం కూడా తోడవుతుంది. ఈ గర్వానికి దేశాధ్యక్షులు సైతం అతీతులు కారని అమెరికా మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తోటపని గురించి చదివినప్పుడు తెలిసింది. చదివినకొద్దీ నా మనసు మాత్రం వేరొక సంగతి మీదకు మళ్ళింది.

జెఫర్సన్ 1766లో మొదలుపెట్టి 1824 వరకు ‘గార్డెన్ బుక్’ అనే పుస్తకం రాసుకున్నాడు. ఏ విత్తనం ఎప్పుడు నాటినదీ, ఎప్పుడు మొలిచినదీ, ఏ కూర ఏనాడు భోజనాల బల్ల మీదకు వచ్చినదీ అందులో ఉంటుంది. వర్జీనియాలో మాంటిచెల్లో అనే కొండమీద అతని ఇల్లు. చలి తగ్గుతుండగా నాటిన బఠానీలు అక్కడ మే నెలలో కోతకు వస్తాయి. అతనికి అన్నిటికన్నా ఇష్టమైన కూర అదే. చుట్టుపక్కల భూస్వాములు తొలి బఠానీల కోసం ఏటా పందెం వేసుకునేవారు. గెలిచినవాడు మిగతావారిని విందుకు పిలవాలి. తరచు గెలిచేది జార్జ్ డైవర్స్ అనే పొరుగాయన. ఒక ఏడు జెఫర్సన్ తోటే ముందు కాసినా, స్నేహితుడి ముచ్చట చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాడని అతని కుటుంబీకులు చెప్పుకునేవారు.

ముచ్చటైన కథే. కానీ ఆ తోట ఎలా తయారయిందో కూడా చూడాలి కదా! కొండ వాలును తవ్వి, 1000 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పున నేలను చదును చేసి, రాతిగోడ కట్టారు. 1806లో మొదలై కొన్నేళ్ళు సాగిన ఆ మట్టిపని చేసినవారు బానిసలు. జెఫర్సన్ జీవితకాలంలో అతని సొత్తుగా బతికినవారు ఆరువందల మందికి పైనే.

వారికీ చిన్న చిన్న పెరళ్ళు ఉండేవి. వారం వారం కొలిచి ఇచ్చే మొక్కజొన్న పిండి, కాస్త మాంసం, ఉప్పుచేపలు చాలక, యజమాని పని ముగిశాక రాత్రులూ ఆదివారాలూ వాటిని సాగుచేసుకునేవారు. 1805 నుంచి 1808 వరకు జెఫర్సన్ మనుమరాలు ఆన్ కేరీ రాండాల్ఫ్ ఇంటి పద్దులు రాసింది. మొదలుపెట్టేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. పెద్ద తోట ఇంకా తయారవుతున్న ఆ సంవత్సరాలలో దొరగారింటికి దోసకాయలు, క్యాబేజీలు, కోళ్ళు, గుడ్లు ఈ బానిసల పెరళ్ళ నుంచే డబ్బిచ్చి కొన్నారని ఆ పద్దులు చెబుతున్నాయి.

తోటమాలి వర్మ్‌లీ హ్యూస్ కూడా బానిసే. 1826 జూలై 4న జెఫర్సన్ మరణిస్తే అతని సమాధిని తవ్వింది ఇతడే. తరువాత ఇతనికి అనధికారికంగా విముక్తి లభించింది. కానీ అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో మాంటిచెల్లోలో జరిగిన వేలంలో ఇతని భార్యాబిడ్డలను అమ్మివేశారు.

“బఠానీలు బల్ల మీదకు వచ్చాయి” అన్న మాటలో కోసిన చేయి కనిపించదు. ఆ పిల్ల రాసిన పద్దులలోనైతే అమ్మినవారి పేర్లున్నాయి, ఏమి అమ్మారో ఉంది, ఎంత ఇచ్చారో ఉంది. మాంటిచెల్లో తోట చరిత్ర తెలుసుకోగోరే వారిని ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను.