ఇబ్నె సహల్ స్ఫటిక కటకం

ఒకే పరిమాణం గల రెండు గోళాలను ఎండలో ఉంచితే, గట్టి గాజు గోళం తన ఉపరితలం నుండి వ్యాసార్థంలో సుమారు సగం దూరాన సూర్యుని ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. నీటితో నింపిన పలుచని గాజు గోళమైతే సుమారు పూర్తి వ్యాసార్థమంత దూరాన ఏర్పరుస్తుంది. ఆకారం ఒకటే; పదార్థం వేరు. ఈ భేదాన్ని శాసించే కొలత పదవ శతాబ్దపు బాగ్దాదులో ఒక గణితవేత్త రచనలో కనిపిస్తుంది.

గాలి, నీరు, గాజుల మధ్య కిరణం వంగే కోణాలను అంతకు ఎనిమిది వందల ఏళ్ల క్రితమే టాలమీ పట్టికలుగా రాశాడు. కాని వాటిని కలిపే సరైన సూత్రం ఆయనకు దొరకలేదు. క్రీ.శ. 984 ప్రాంతంలో ఇబ్నె సహల్ మండించే దర్పణాలు, కటకాల గురించి ఒక గ్రంథం రచించాడు. సూర్యకిరణాలను ఒక బిందువు వద్ద చేర్చి దూరాన ఉన్న వస్తువును ఎలా మండించవచ్చుననేదే అందులోని ప్రశ్న. స్ఫటికంలోని కిరణాన్ని తిన్నగా పొడిగించి, గాలిలోకి వంగిన కిరణంతోపాటు ఒకే లంబరేఖను తాకేలా గీస్తే, ఆ రెండు పొడవుల నిష్పత్తి మారదని ఆయన గ్రహించాడు. కటకపు తలం ఎలా వంపు తిరగాలో ఆ నిష్పత్తి నుండే సాధించాడు. నేటి లెక్కల్లో ఈ నిష్పత్తి స్ఫటికానికి సుమారు 1.54, నీటికి 1.33.

తరువాతి తరంలో ఇబ్నుల్ హైసమ్ "కితాబుల్ మనాజిర్" ఏడవ భాగంలో వక్రీభవనం వల్ల కనిపించే ప్రతిబింబాలను విచారించాడు. కోణాలు కొలిచే పద్ధతి వివరించాడు. అయితే ఆ నిష్పత్తిని ఉపయోగించలేదు. కొలత తెలిసినవాడు ప్రతిబింబాన్ని అడగలేదు; ప్రతిబింబాన్ని అడిగినవాడు ఆ కొలతను వాడలేదు.

పదార్థానికి గల ప్రాముఖ్యాన్ని ఆచరణలో చూపినవాడు కమాలుద్దీన్ ఫారిసీ (మరణం 1319 ప్రాంతం). ఇంద్రధనుస్సును పరిశోధించేందుకు ఆయన నీరు నింపిన గాజు గోళాన్ని వానచినుకుకు ప్రతిగా తీసుకున్నాడు. గట్టి గాజుతో అయితే కిరణాలు వేరే కోణంలో వెలువడేవి.

ఐరోపాలో స్నెల్ 1621లో ఈ నియమాన్ని కనుగొనగా, డెకార్ట్ 1637లో ప్రచురించాడు. ఇబ్నె సహల్ గ్రంథపు పత్రాలు డమాస్కస్, టెహరానులలో విడివిడిగా పడి ఉన్నాయి. వాటిని రుష్దీ రాషిద్ జతపరచి, 1990లో ఈ విషయాన్ని లోకానికి వెల్లడించాడు. ఇబ్నె సహల్ వివిధ పదార్థాల కొలతలు రాసిపెట్టలేదు. దృష్టి గురించి ఆ గ్రంథంలో చర్చించలేదు. ఆయనకు లేని ఘనతను అంటగట్టనక్కరలేదు. స్ఫటికానికి తనదైన స్థిరమైన నిష్పత్తి ఉందని, కటకం రూపం దానికి లోబడాలని గ్రహించడమే ఆయన కీర్తికి చాలు.