వాడుకరి
ఎల్లంతకుంటలో ఆన్‌లైన్ దరఖాస్తు నింపిస్తున్న ఒక పెద్దమనిషి ‘వాడుకరి పేరు’ అన్న గడి దగ్గర, “ఊళ్లె అందరు పెద్దోడంటరు బిడ్డా, అదే రాయి” అన్నాడు. ఆయన చెప్పింది వాడుక పేరు. రెండు మాటలూ ‘వాడు’ అన్న క్రియ నుంచే వచ్చాయి. వాడుకకు ‘అరి’ చేరితే వాడుకరి. నేర్పరి, సొగసరి, కల్లరిలో ఉన్నది ఆ ‘అరి’యే. అయితే వాడుక అంటే ఉపయోగం ఒక్కటే కాదు, అలవాటు, రోజువారీ ఖాతా కూడా: వాడుక పాలు, వాడుక భాష. వాడుక పేరును ఊరు పెడుతుంది, వాడుకరి పేరును కంప్యూటర్ ఒప్పుకోవాలి. దాని పేచీలు దానివి. ఎక్స్‌లో 15 అక్షరాలు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప చుక్క కూడా చెల్లదు. జీమెయిల్ 6 నుంచి 30 దాకా ఇస్తుంది, చుక్క పెట్టనిస్తుంది కానీ లెక్కలోకి తీసుకోదు. ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క పెట్టి మురిసిపోయే మనకు ఇది కాస్త అవమానమే! ‘వాడుకరి’ అన్న మాటనే వాడే తెలుగు వికీపీడియాలో మాత్రం తెలుగు లిపిలో, మధ్యలో ఖాళీ వదిలి మరీ పేరు పెట్టుకోవచ్చు. ‘యూజర్ నేమ్’ కన్నా నాకు ఈ మాటే ఇష్టం, గడి పక్కన ‘ఇంగ్లీషులో, ఖాళీ లేకుండా’ అని ఒక ముక్క రాస్తే.